మడి పీపా

వీరాస్వామి పడవలో రెండు నీళ్ల పీపాలుండేవి. రెండూ యానాంలో ఫ్రెంచివాళ్లకి సారా దిగుమతైన పీపాలే. ఒకే వేలంలో పాడుకుని తెచ్చాడు. ఎత్తూ ఒకటే, లావూ ఒకటే, నడుముకి ఇనపకట్లు, కింద ఇత్తడి కొళాయి. పక్కపక్కన పెడితే ఏది ఏదో సరంగు వీరాస్వామికే తెలిసేది కాదు. అలాంటి కవల పీపాల్లో ఒకటి మడి పీపా, ఒకటి అంటు పీపా ఎలా అయ్యాయో చెప్తాను. మధ్యలో నాకు కోపం వస్తుంది. వస్తే రానివ్వండి, దాన్ని దాచుకుని చెప్పే ఓపిక నాకు లేదు.

అది రోహిణి కార్తె. ఏటా లాగే పూడిక తీయడానికి కాలవలు కట్టేశారు. కాలవలో నీళ్లు లేనప్పుడు కాకినాడ వెళ్లాలంటే ధవళేశ్వరం ఆనకట్ట కింద పడవెక్కి, గౌతమి పాయలో ఇసక తిన్నెలు తప్పించుకుంటూ యానాం దాకా దిగి, అక్కణ్నించి కోరంగి మడ అడవుల్లో ఉప్పుటేళ్ల వెంట పోవాలి. నా మొగుడు లాజరు మిషను బడిలో పంతులు. కాకినాడ అవతల కొత్త బడి పెడుతున్నాం, మీరిద్దరూ వెళ్లండని దొరగారు చెప్పారు. ఆ ఎండల్లో ఆ దారిన పోయే పడవ వీరాస్వామిదొక్కటే. దాన్ని అప్పటికే రాజమండ్రి శెట్టిగారి వాళ్లు మాట్లాడుకున్నారు.

శెట్టిగారంటే పెద్దాయన ఎప్పుడో పోయారు. ఇంటికి ఇప్పుడు పెద్ద ఆయన భార్య సంపూర్ణమ్మగారు. కొడుకు గున్నయ్యశెట్టి కాకినాడలో కొత్తగా కొట్టు పెట్టాడు. కోడలు కన్యకమ్మనీ, నాలుగేళ్ల మనవరాలినీ అక్కడికి చేర్చడానికి ఆవిడ బయల్దేరారు. తోడు కొట్టు గుమాస్తా సత్తియ్య. మనవరాలికి పెట్టిన పేరేదో నాకు తెలియదు, అందరూ చిన్నమ్మాయి అనేవారు.

మాలల్లోంచి కిరస్తానంలో కలిసిన వాళ్లతో ఒకే పడవా అని సంపూర్ణమ్మగారు మొదట ఒప్పుకోలేదట. వీరాస్వామి బతిమాలాడు. చివరికి పడవ మధ్యలో తాటాకు తడిక కట్టించి, ముందు గది వాళ్లకీ వెనక భాగం మాకూ చేశాక సరేనన్నారు. ఇంకొక షరతు కూడా పెట్టారు. తమ నీళ్ల పీపా తామే శుద్ధి చేయించి, తామే నింపించుకుంటారు, దాని మీద ఇంకెవరి చెయ్యీ పడకూడదు.

ఆ శుద్ధి గురించి తర్వాత సత్తియ్య వీరాస్వామికి చెబుతుంటే విన్నాను. పీపాని బండి మీద రాజమండ్రి పట్టుకెళ్లి, చింతపండూ బూడిదా వేసి తోమించారు. పేడనీళ్లతో ఒకసారి, పసుపునీళ్లతో ఒకసారి కడిగించారు. దొరలెవరైనా నోరు పెట్టి ఉంటారని కొళాయి పీకించి, ఆ బెజ్జంలో కొయ్యబిరడా దిగ్గొట్టించారు. అంత చేసినా సారా వాసన వేస్తోందని మేడ మీద మండుటెండలో వారం పైన బోర్లించి పెట్టారు. ఆవిడ పట్టుదల అలాంటిది. అన్నం గిన్నె ఎండబెట్టినట్టు పీపాని ఎండబెట్టారు.

కానీ పీపా గిన్నె కాదు. అది విడి చెక్కలు నిలబెట్టి కట్టు బిగించిన వస్తువు. చెక్కలు తడిగా ఉన్నంతసేపే ఉబ్బి, ఒకదాన్నొకటి అదుముకుని నీళ్లని పట్టుకుంటాయి. ఎండిందా, చెక్క ముడుచుకుని సందులిస్తుంది. అందుకే వీరాస్వామి ఖాళీ పీపాలో కూడా ఎప్పుడూ జానెడు నీళ్లు ఉంచేవాడు. ఆ మాట పీపా అప్పగించేటప్పుడు సత్తియ్యతో అన్నాడు కూడా. సత్తియ్య అది ఆవిడతో చెప్పాడో, చెప్పే ధైర్యం చాల్లేదో నాకు తెలియదు.

బయల్దేరే రోజు పొద్దున్నే రెండు పీపాలూ ఆనకట్ట పైన ఒకే రేవులో గోదారి నీళ్లు మోసుకొచ్చి నింపారు. వాళ్ల పీపాకి మడి బట్ట కట్టిన మనిషి మోశాడు. మా పీపాకి పడవమనిషి బుల్లియ్య మోశాడు. రేవు ఒకటే, నీళ్లూ ఒకటే. వాళ్ల పీపా నింపుతూ ఉండగానే ఒళ్లంతా చెమట పట్టినట్టు కారింది. వీరాస్వామి చూసి, జనపనార దూర్చి గుగ్గిలం పూస్తానన్నాడు. పడవ సందులు మూసేది ఆ గుగ్గిలంతోనే. సంపూర్ణమ్మగారు వద్దన్నారు. మడి నీళ్లు పోశాక పీపాని ముట్టుకోవడానికి వీల్లేదన్నారు. వీరాస్వామి కూడా పట్టుబట్టలేదు. చెక్క నీళ్లు తాగితే సాయంత్రానికి అదే బిగుసుకుంటుందిలే అనుకుని, కింద ఎండుగడ్డి మెత్తగా పరిచి పీపా దాని మీద పెట్టించాడు. ఆ ఎండకి అడుగు చెక్క వంకర తిరిగిపోయిందని అతనికి తెలియదు. పక్క చెక్కలు నిజంగానే సాయంత్రానికి బిగుసుకున్నాయి. పైకి చుక్క కారడం లేదు. అడుగునించి మాత్రం గడ్డిలోకి, గడ్డిలోంచి పడవ అడుక్కీ గోదారి దిగిపోతూనే ఉంది.

ఎండాకాలం గౌతమిలో పడవ నడపడమంటే సగం రోజు గెడ వెయ్యడం, సగం రోజు ఇసకలోంచి తొయ్యడం. పడవ మెల్లిగా దిగుతోంది. ఆనకట్ట కింద పాయలోకి సముద్రపు ఉప్పు ఎక్కే రోజులవి, తాగడానికి పీపాల్లో నీళ్లే. రోజూ పొద్దున్నే మా పీపాని వేలి కణుపుతో పైనించి కిందికి కొట్టి చూడటం నా పని. ఖాళీ ఉన్నచోట డోలు మోగినట్టు మోగుతుంది, నీళ్లున్నచోట మూగగా ఉంటుంది. మోత ఎక్కడ ఆగిందో అక్కడ బొగ్గుతో గీత పెట్టేదాన్ని. ఆ లెక్కన మా ఇద్దరికీ, పడవ వాళ్లిద్దరికీ నీళ్లు కొలిచి పోసేదాన్ని. వీరాస్వామి, బుల్లియ్య చేపలు పట్టే పల్లెకారులు. మొదట్లో వాళ్ల కుండ వాళ్లకుండేది. అది అయిపోయాక వీరాస్వామి కాస్త తల గోక్కుని, ఇంటికెళ్లాక శుద్ధి ఏదో ఒకటి చేయించుకుంటాలే అని మా కొళాయి కింద దోసిలి పట్టాడు.

వాళ్ల పీపాని కొట్టి చూసే వాళ్లెవరూ లేరు. సంపూర్ణమ్మగారు పైన మూత తీసి గరిటెతో ముంచేవారు. నీళ్లు దిగిపోతున్నాయని ఆవిడకి తెలుస్తూనే ఉంది. తెలిసి కోడల్ని తిట్టేవారు. నీళ్లు నెయ్యిలా వాడాలని, పుట్టింట్లో నుయ్యి ఉన్నట్టు ఒలకబోస్తున్నావని తడిక అవతల రోజూ వినపడేది. కన్యకమ్మ నోరెత్తేది కాదు. ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్ల. ఆమె ఒక చెంబు తాగుతుంటే పీపా రెండు చెంబులు తాగుతోందని పాపం ఆమెకి మాత్రం ఏం తెలుసు.

చిన్నమ్మాయికి తడికలు, మడీ ఏవీ అర్థమయ్యేవి కావు. తడిక కింద సందులోంచి పిల్లిలా దూరి మా వైపు వచ్చేసేది. నా కోసం కాదు, కొళాయి కోసం. తమ పీపాకి లేని ఇత్తడి కొళాయి మాకుంది. దాని ముందు గొంతుక్కూర్చుని, తిప్పనా అని అడిగేది. తిప్పితే నీళ్లు పోతాయమ్మా అనేదాన్ని. అయితే తిప్పినట్టు ఆడుకుంటానని, చెయ్యి ఆనించకుండా గాల్లో తిప్పి, నోటితో జలజలమని చప్పుడు చేసుకుని నవ్వుకునేది. పిల్లలు లేని నాకు ఆ చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది.

రెండ్రోజుల్లో కాకినాడే కదా అని యానాంలో ఎవరూ పీపా నింపుకోలేదు. యానాం దాటాక వీరాస్వామి ఒక పొరపాటు చేశాడు. ఆ రోజు పౌర్ణమి. సముద్రం పోటు మీద ఉంది, ఉప్పుటేళ్లు ఒడ్డులు దాటి పొంగుతున్నాయి. నీళ్లు ఇంత ఉన్నప్పుడు చుట్టూ తిరగడం దేనికని మడ చెట్ల మధ్య అడ్డదారి పట్టాడు. నడిమధ్యలో పడవ రొంపి గట్టెక్కి కూర్చుంది. పాటు తియ్యగానే నీళ్లు వెనక్కి పోయాయి. మర్నాటి పోటు అంత ఎత్తుకి రాలేదు. ఆ మర్నాడు ఇంకా తగ్గింది. పౌర్ణమి పోటుకి ఎక్కిన పడవ అమావాస్య పోటుకి గాని దిగదు, లేదా పదిమంది వచ్చి ఈడవాలి. చుట్టూ చూస్తే మడ చెట్లు, రొంపి, ఉప్పునీళ్లు, దూరంగా ఒక ఇసక దిబ్బ. మనిషి అలికిడి లేదు.

మడి పీపా అడుగు గరిటెకి తగిలింది ఆ మూడో రోజే. సంపూర్ణమ్మగారు గరిటె ఆడించిన చప్పుడు మాకు తడిక ఇవతలికి వినపడింది, వట్టి చెక్క మీద గరిటె చప్పుడు. వీరాస్వామి పడవ అడుగు చెక్కలు ఎత్తి చూస్తే, చేపల కంపూ తారూ కలిసిన మురికినీళ్లు మోకాలి లోతు ఉన్నాయి. ఆవిడ గోదారి అందులో ఉంది.

పడవకి కట్టిన చిన్న దోనె ఒకటుంది. అందులో ఇద్దరికే చోటు. బుల్లియ్య, సత్తియ్య దోనెలో వెళ్లి మనుషుల్నీ నీళ్లనీ తీసుకురావాలని అనుకున్నారు. సాయంత్రానికో, మర్నాడు పొద్దుటికో తిరిగొచ్చేస్తామన్నారు. దోనె కదిలేటప్పుడు సంపూర్ణమ్మగారు సత్తియ్యని పిలిచి, నీళ్లు మనవాళ్ల ఇంట్లోంచే తేవాలని గట్టిగా చెప్పారు. సత్తియ్య తలూపాడు.

ఆ పూటకి వాళ్ల దగ్గర కొబ్బరిబొండాలు కొన్ని ఉన్నాయి. తన వంతు కూడా ఆవిడ పిల్లకే పోశారు. అది నేను కళ్లారా చూశాను, చెప్పకపోతే తప్పు. బొండాలు అయిపోయాక ఇసక దిబ్బ మీద వీరాస్వామి చేత చెలమ తవ్వించి, తాను స్వయంగా దిగి ముంచుకొచ్చారు. ఆ నీళ్లు గుడ్డలో వడకట్టి, చిల్లగింజ అరగదీసి తేర్చారు. అద్దంలా తేరాయి. చూడటానికి ఎంత బాగున్నాయో. చిల్లగింజ బురదని దింపుతుంది గాని ఉప్పుని దింపదు, రోగాన్ని అసలే దింపదు. మర్నాటికి చిన్నమ్మాయికి విరేచనాలు పట్టుకున్నాయి. దోనె రాలేదు.

ఆ మధ్యాహ్నం సంపూర్ణమ్మగారు కునుకు తీస్తుండగా పిల్ల తడిక కింద నించి వచ్చింది. పాకుతూ వచ్చింది. కొళాయి ముందు కూర్చుంది గాని ఈసారి ఆట లేదు. నా మొహంలోకి చూసి, నిజంగా తిప్పనా అంది. దాని చెయ్యి పట్టుకుని కొళాయి మీద పెట్టాను. దోసిలి పట్టి తాగింది, గుక్క తిప్పుకోకుండా తాగింది, గవును తడిసిపోయింది. తాగి, దొంగతనమంటే ఏమిటో తెలియని పిల్ల కదా, తిన్నగా వెళ్లి నాన్నమ్మని లేపి చెప్పింది.

"నాన్నమ్మా, వెనకాల పీపా నీళ్లు తియ్యగా ఉన్నాయి."

ఆవిడ పిల్లని ఒళ్లో బోర్లా వంచి గొంతులో వేలు పెట్టారు. తాగినవన్నీ కక్కించారు. వాటితోపాటు పొద్దున్న పోసిన గంజి కూడా పోయింది. ఉప్పునీళ్లతో నోరు కడిగారు. పిల్ల ఏడుద్దామని చూసింది, ఏడుపు రాలేదు, కళ్లలో తడి లేదు. నేను తడిక పట్టుకుని నిలబడి చూశాను. ఆ తడికని చీల్చి అవతలికి పోకుండా నన్ను లాజరు రెక్క పట్టుకుని ఆపాడు.

లాజరు మంచివాడే. మంచివాళ్లకుండే భయాలన్నీ ఆయనకున్నాయి. కిందటేడు ఒక ఊళ్లో ఎవరి పిల్లాడో పంతులింట్లో అన్నం తిన్నాడని బడి పాక తగలబెట్టారు. పిల్లల్ని ఎత్తుకుపోయి కిరస్తానంలో కలిపేసుకుంటున్నారని కేసు పెట్టారు. ఆ కేసు ఇంకా నడుస్తోంది. వాళ్ల చేతిలోంచి పిల్లని లాక్కుని నీళ్లు పోశామంటే కాకినాడ రేవులో మనల్ని దిగనివ్వరని, అక్కడ బడి అనేదే ఉండదని నాకు నచ్చచెప్పాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేశాడు. నేను చెయ్యలేదు. సగం పీపా నీళ్లు ముందు పెట్టుకుని దేవుణ్ని ఇంకేమడగాలి?

సాయంత్రం కన్యకమ్మ తడిక దగ్గరికి వచ్చింది. ప్రయాణం మొదలైనప్పటినించీ ఆమె నాతో మాట్లాడింది అదే మొదలు.

"ఏసమ్మా, మీ పీపాలో ఎన్ని నీళ్లున్నాయి?"

"సగం పైన ఉన్నాయమ్మగారండి," అన్నాను.

ఆమె తడిక పట్టుకుని అలాగే కొంచెంసేపు నిలబడి, అత్తగారు పిలిస్తే వెళ్లిపోయింది.

ఇక నేను ఎవరినీ అడక్కుండా ముందు గది గుమ్మం దాకా వెళ్లాను. పిల్ల చాప మీద పడుకుని ఉంది. కళ్లు లోపలికి పోయాయి. వీరాస్వామి కూడా నా వెనకే వచ్చి, ఆపదలో తప్పులేదమ్మా అని నసిగాడు. నేను ఆవిడతో తిన్నగా చెప్పాను.

"అమ్మగారండి, పిల్ల నాలిక అంగిట్లో అంటుకుపోతుందండి. మేం దిగిపోయి రొంపిలో నిలబడతామండి. కన్యకమ్మగారే వచ్చి కొళాయి తిప్పుకుంటారు. మా చెయ్యి తగలదు."

"పీపా మీది కదే," అన్నారావిడ.

"పీపా వీరాస్వామిదండి. నీళ్లు గోదారివండి."

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. పిల్ల తల నిమురుతూ, నా వైపు చూడకుండా చెప్పారు. "మా అక్క సూరమ్మ మొగుడు బర్మాలో రంగం దాకా వెళ్లొచ్చాడు. ఓడెక్కాడని వెలేశారు. అక్క పోతే మొయ్యడానికి మనిషి రాలేదు. బావ ఒక్కడే భుజానేసుకుని మా వీధినించే తీసుకెళ్లాడు. నేను అరుగు మీద నిలబడి చూశాను, కిందికి దిగలేదు. దిగితే నన్నూ వెలేసేవారు. ఈ పిల్ల ఇవాళ మీ నీళ్లు తాగి బతికితే, రేపు దీని గడప ఎవరు తొక్కుతారే? పొద్దున్నకి దోనె వచ్చేస్తుంది. ఒక్క రాత్రి."

ఆవిడ రాక్షసి అయ్యుంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు. ఆవిడ పెదవులు కూడా పగిలిపోయి ఉన్నాయి. తను తాగాల్సిన చెలమ నీళ్లు కూడా పిల్లకే పట్టారు, అవే పిల్లని తినేస్తున్నాయని తెలియక. దోనె మీద పందెం కాశారావిడ. పందెం కాసింది పిల్లని.

పొద్దున్నకి దోనె రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత బుల్లియ్య చెప్పాడు. బుల్లియ్య మొదటి సాయంత్రమే ఒక పల్లెపాలెం చేరాడు. అక్కడ మంచినీళ్ల నుయ్యి ఉంది. కుండలు నింపుకుని రాత్రికే తిరుగుదామన్నాడు. సత్తియ్య ఒప్పుకోలేదు. అమ్మగారు మనవాళ్ల ఇంట్లోంచే తెమ్మన్నారని, దోనెని వెనక్కి యానాం దాకా నడిపించాడు. అక్కడ శెట్టిగారి బంధువుల ఇల్లు వెతికి, వాళ్ల నూతి నీళ్లు, వాళ్ల చేత్తోనే తోడించి, మూతి కట్టించి బయల్దేరాడు. చెప్పిన మాట జవదాటని మనిషి.

తెల్లారి కాసేపటికి సంపూర్ణమ్మగారు తడిక తొలగించి మా వైపు వచ్చారు. చేతిలో వెండి పంచపాత్ర, చిన్న ఉద్ధరిణి ఉన్నాయి. పూజలో తీర్థం ఇచ్చే చెంచా అది.

"ఏసమ్మా, కొంచెం గోదారి పొయ్యి," అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాట కోసమే నేను రాత్రంతా కాచుకుని ఉన్నాను. పెద్ద చెంబు కొళాయి కింద పెట్టి నిండా పట్టాను. ఆవిడ చెంబు అందుకోలేదు. పంచపాత్ర కింద పెట్టి, ఇందులో పొయ్యమని చూపించారు.

"అంత వద్దు. గొంతులో పొయ్యడానికే."

అప్పుడర్థమైంది. మా వైపు ప్రార్థనలు ఎలాగో, వాళ్ల వైపు అదలాగ. పోయే ప్రాణానికి గొంతులో గోదారి పొయ్యాలి. నేను పంచపాత్ర నింపాను, నోరు మాత్రం ఆగలేదు.

"తాగడానికి పనికిరాని నీళ్లు పోవడానికి పనికొస్తాయా అండి?"

"పోయేటప్పుడు గోదారికి అంటు లేదు," అన్నారావిడ. మామూలుగానే అన్నారు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

గుమ్మంలో నేను, నా వెనక లాజరు, వీరాస్వామి నిలబడ్డాం. పిల్ల తల కన్యకమ్మ ఒళ్లో ఉంది. సంపూర్ణమ్మగారు గోవిందా అంటూ మొదటి ఉద్ధరిణి పోశారు. గొంతు కదిలింది. పిల్ల మింగింది. రెండోది పోశారు. నాలిక బయటికి వచ్చి పెదవులు తడుముకుంది. మూడోది పోశారు. అదీ మింగి, కళ్లు తెరవకుండానే చిన్నమ్మాయి ఇంకా అన్నట్టు నోరు తెరిచింది.

ఆవిడ చెయ్యి పంచపాత్ర మీద ఆగిపోయింది.

"మూడే పొయ్యాలి," అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు. పిల్ల నోరు తెరిచే ఉంది. ఆవిడ ఆ నోటికేసి చూస్తూ ఉన్నారు, చెయ్యి అటూ పోలేదు, ఇటూ రాలేదు.

కన్యకమ్మ పిల్ల తలని చాప మీదకి దించింది. లేచి, అత్తగారి చీర తగిలేలా పక్కనించి, మా మధ్యలోంచి వెనక్కి వచ్చింది. నేను నింపి పెట్టిన చెంబు అక్కడే ఉంది. అది తీసుకోలేదు, తన చెంబు పెట్టి కొళాయి తానే తిప్పింది. నిండాక తీసుకెళ్లి పిల్లని లేపి ఒళ్లో కూర్చోబెట్టుకుని నోటికి ఆనించింది. ఒక గుక్క దిగింది. ఇంకో గుక్క కూడా దిగిందనుకుంటాను. ఆపైన పోసినవి బుగ్గల మీదనించి గవును మీదకి కారిపోయాయి. కన్యకమ్మ ఇంకా పోస్తూనే ఉంది. చాలమ్మా అని వీరాస్వామి అన్నాక ఆపింది. చెంబులో మిగిలిన నీళ్లు, అత్తగారి ఎదురుగా కూర్చుని, తనే తాగేసింది. సంపూర్ణమ్మగారు మొహం తిప్పుకున్నారు.

పిల్లని ఇసక దిబ్బ మీద పెట్టారు. చెలమ తవ్విన చోటుకి కాస్త ఎగువన. లాజరు గొయ్యి తవ్వాడు. తవ్వడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. దిబ్బ మీదనించి తిరిగొస్తుంటే దోనె వచ్చింది. మూతి కట్టిన కుండలు, బొండాల గెలలు, వెనక ఇంకో రెండు దోనెల్లో మనుషులు. సత్తియ్య కుండ దించి అమ్మగారికి చూపిస్తూ, మనవాళ్ల నూతి నీళ్లేనండి అన్నాడు. వీరాస్వామి అతన్ని చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లి చెప్పాడు. సత్తియ్య ఆ రొంపిలోనే కూలబడిపోయాడు.

పడవని ఈడ్చి ఏట్లో దించే లోపల వీరాస్వామి మడి పీపాకి రాళ్లు కట్టి ఉప్పునీళ్లలో ముంచి ఉంచాడు. పైకి తీసేటప్పటికి అడుగు చెక్కతో సహా బిగుసుకుపోయింది. చుక్క కారదు. దాన్ని చూసి అతను తల పట్టుకున్నాడు. ఒక పూట నానబెడితే సరిపోయేదమ్మా అని నాతో అన్నాడు, మొదటి రోజునే నేను గట్టిగా చెప్పాల్సింది అన్నాడు. చెప్పినా ఆవిడ వినేవారు కాదన్నాను. అది అతనికి ఓదార్పు కాలేదు, నాకూ కాలేదు.

ఆ తర్వాత కాకినాడ చేరేదాకా కన్యకమ్మ కుండ నీళ్లు ముట్టలేదు. దాహమైనప్పుడల్లా వెనక్కి వచ్చి మా కొళాయి తిప్పుకుని తాగి వెళ్లేది. తడిక తొలగించింది తొలగించినట్టే ఉంది.

రేవులో గున్నయ్యశెట్టి గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో పిల్లకి తెచ్చిన చక్కెర చిలకలు. పడవలోకి చూశాడు, భార్యని చూశాడు, తల్లిని చూశాడు, మళ్లీ భార్య వెనక్కి చూశాడు. సంపూర్ణమ్మగారు ఏడుస్తూ కొడుకు మీద పడి, ఉప్పుటేట్లో చిక్కుకుపోయామని, పిల్లకి జబ్బు చేసిందని, తాగడానికి నీళ్లు లేకుండా పోయాయని చెప్పారు. కన్యకమ్మ పడవలోనే నిలబడి ఉంది. అత్తగారు చెప్పడం అయ్యేదాకా ఆగింది.

"నీళ్లున్నాయండి," అంది మొగుడితో. "పిల్ల పోయేటప్పటికి పడవలో సగం పీపా మంచినీళ్లున్నాయి. నేను తాగాను. దానికి వేళకి పొయ్యలేదు."

రేవులో ఉన్నవాళ్లందరూ విన్నారు. నేను తాగాను అన్న మాటకి ఆ ఇంట్లో ఆమె బతుకు ఏమైందో నేనెన్నడూ తెలుసుకోలేకపోయాను. అడిగితే ఎవరూ చెప్పలేదు. గున్నయ్యశెట్టి చిలకల పొట్లం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. భార్యని దింపుకోవడానికి చెయ్యి చాచలేదు.

సామాను దింపాలంటే పీపాలు తేలిక చెయ్యాలి. వీరాస్వామి మా పీపాని పడవ అంచుకి జరిపి కొళాయి విప్పేశాడు. కన్యకమ్మ దాని పక్కనే నిలబడి చూసింది. నీళ్లు రేవు మెట్ల మీదనించి జలజలమంటూ ఉప్పునీళ్లలోకి పోయాయి. ఆగడానికి చాలాసేపు పట్టింది.